డ్యూటీ చూసుకుని వస్తాం

గంగారత్నం ఇంట్లో గ్యాసు పొయ్యి ఉంది. రెండు మంటల స్టీలు పొయ్యి, తళతళా మెరుస్తుంటుంది. మెరవక ఏం చేస్తుంది, వెలిగిస్తే కదా మసిబారడానికి. గడిచిన ఎనిమిదేళ్ళలో దాని మీద కాగిన పాలకంటే దాని మీద కప్పిన గుడ్డకు పడ్డ ఉతుకులే ఎక్కువ. వంటంతా నేల మీద పెట్టుకున్న కరెంటు హీటరు మీదే. బచేలీ టౌన్‌షిప్పులో కంపెనీ క్వార్టర్లకు కరెంటు కోసం జీతంలో కోసేది ఏదో నామమాత్రం. గ్యాసు బండకు మాత్రం చేతి డబ్బు పెట్టాలి. అందుకని పొయ్యి చుట్టాల కోసం అని గంగారత్నం తీర్మానించింది. ఆ తర్వాత చుట్టాలు కూడా రావడం తగ్గించేశారు, పొయ్యికి ఇంకా సుఖమైంది.

ఇదంతా ఇంటి అప్పు కోసం. అప్పు తీరింది, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తీరాక ఆ ఇంటి గడప తొక్కడానికి మనుషులు మిగిలారా లేదా అన్నదే గంగారత్నాన్ని పీడించిన బెంగ.

ఆమె భర్త యేసుపాదం ఇనుప ఖనిజం ప్లాంటులో బెల్టు ఆపరేటరు. కొండ మీద తవ్వి పగలగొట్టిన రాయిని కిందున్న రైలు పెట్టెల దాకా మోసుకొచ్చే పొడవాటి బెల్టు దగ్గర అతని పని. బొబ్బిలి పక్క పల్లె నుంచి పెళ్ళాన్ని వెంటబెట్టుకుని కిరండూల్ రైలెక్కి వచ్చినప్పుడు ఇద్దరికీ కలిపి ఒక్కటే పెట్టె. కాంట్రాక్టరు కింద ఏళ్ళ తరబడి పారపని చేసి, పర్మినెంటు అయ్యేసరికి అతనికి నలభై మూడేళ్ళు వచ్చాయి. క్వార్టరు వచ్చింది. గోడకు మేకు కొట్టాలన్నా ఇది మనది కాదు కదా అని గంగారత్నం చేయి ఆగేది. రిటైరైన కొద్ది నెలలకే తాళం చెవి కంపెనీ చేతిలో పెట్టి వెళ్ళిపోవాలి. ఎక్కడికి వెళ్ళాలి? బొబ్బిలి పక్క పల్లెలో అన్నదమ్ముల వాటాలు పోగా మిగిలింది నాలుగు కొబ్బరి చెట్ల నీడ. పైగా ముప్పై ఏళ్ళు ఎర్రదుమ్ములో బతికినవాళ్ళకు అక్కడ ఎవరు తెలుసు?

అలా యేసుపాదానికి యాభై ఒకటో ఏట జగ్‌దల్‌పూర్ శివార్లలో, నగర్‌నార్ వెళ్ళే రోడ్డు పక్కన, ఇరవై నాలుగు లక్షల అప్పుతో రెండు గదుల ఇల్లు లేచింది. పదిహేనేళ్ళ వాయిదాలు. బ్యాంకులో సంతకం పెట్టే ముందు గంగారత్నం వేళ్ళ మీద లెక్క వేసింది. అరవైకి రిటైరు. అప్పటికి తొమ్మిదేళ్ళు పోతాయి. ఇంకా ఆరేళ్ళు మిగులుతాయి.

"పింఛను వస్తుంది కదా మాతాజీ," అన్నాడు బ్యాంకు ఆఫీసరు ముకేష్. ఆ పింఛను ఎంతో ఆమెకు తెలుసు. బియ్యానికీ పప్పుకూ సరి. కిస్తీ ఆగితే ఇల్లు అమ్ముకోవాలి. అరవై ఏళ్ళొచ్చాక అద్దె ఇల్లు వెతుక్కుంటూ తిరిగే యేసుపాదం ఆమె కళ్ళ ముందు మెదిలాడు. ఆ చిత్రం ఆమెకు నచ్చలేదు.

"రిటైరు అయ్యేలోపల తీర్చీవాల," అంది ఇంటికొచ్చి.

"ఎలగే?" అన్నాడు యేసుపాదం.

"ఎలగో మీకెందుకు. జీతం తెచ్చి నా సేతికివ్వండి సాలు."

ఇల్లు కట్టగానే అందులో ఒక్క పూట కూడా ఉండకుండా అద్దెకిచ్చేశారు. ఆ అద్దె అప్పులోకే పోయేది. ఇక క్వార్టరులో గంగారత్నం రాజ్యం మొదలైంది. కంపెనీ ఏటేటా ఇచ్చే నీలం యూనిఫాం గుడ్డలో ఒక జత కుట్టించి, మిగిలిన గుడ్డతో దిండు గలీబులు, సంచులు, తలుపు తెరలు కుట్టింది. కూతురు లాస్య నర్సింగు చదవడానికి వెళ్ళినప్పుడు పుస్తకాల సంచీ కూడా అదే నీలం. కాలేజీలో ఆ పిల్లను మైన్‌వాలీ, అంటే గనిపిల్ల, అని పిలిచేవారట. దుమ్ములో పనిచేసేవాళ్ళకు నెలకింత బెల్లం ఇస్తారు, గొంతు బాగుండాలని. ఆ బెల్లం రావడంతోటే ఇంట్లో పంచదారకు కాలం చెల్లింది. వారపు సంతకు అందరూ పొద్దున వెళ్తే ఈమె ఎండ దిగాక వెళ్ళేది. జోగే అనే ఆమె అడవి కూరలు కుప్పలు పోసుకుని కూర్చుంటుంది. చివరి రెండు కుప్పలు గంగారత్నం కోసమని ఆకు కప్పి ఉంచేది. అందరితోనూ పైసకు పైస బేరమాడే గంగారత్నం జోగే దగ్గర మాత్రం నోరెత్తేది కాదు. పైగా చిన్న బెల్లం ముక్క ఆమె చేతిలో పెట్టి వచ్చేది.

నాలుగు నెలలకోసారి కూడబెట్టింది పట్టుకుని ఇద్దరూ జగ్‌దల్‌పూర్ బ్యాంకుకు వెళ్ళేవారు. ముకేష్ ప్రతిసారీ అదే అడిగేవాడు.

"మాతాజీ, ఈఎంఐ కమ్ కరనా హై, యా సాల్?"

"సాల్," అనేది గంగారత్నం, ఏళ్ళే తగ్గించమని. నెలనెలా కట్టేది తగ్గితే చేతికి హాయి. కానీ ఆమెకు కావలసింది హాయి కాదు, ఏళ్ళు తగ్గడం. ముకేష్ కంప్యూటరులో ఏదో కొట్టి ఇన్ని నెలలు తగ్గాయని చెబితే, యేసుపాదం వైపు గర్వంగా చూసేది. ఆ నెలలన్నీ అతని వయసులోంచి తగ్గినట్టు సంబరపడేది.

కూరలో నూనె తగ్గించడం ఏమంత కష్టం కాదు. కష్టమైనది చదివింపులు.

టౌన్‌షిప్పులో ఫంక్షను లేని వారం ఉండదు. పెళ్ళిళ్ళు, ఓణీలు, పుట్టినరోజులు, గృహప్రవేశాలు. వెళ్తే వెయ్యి నూటపదహార్లకు తక్కువ చదివించలేం, నోటుబుక్కులో పేరు ఎక్కుతుంది. దానికి తోడు చీర, ఆటో, పిల్లకు గాజులు. ఏడాది మొత్తం కూడితే ఒక్కోసారి మూడు కిస్తీలంత తేలింది. వెళ్ళకూడదని గంగారత్నం నిర్ణయించింది. కానీ పిలిచినవాళ్ళకు ఏం చెప్పాలి? టౌన్‌షిప్పులో ఎవరూ తప్పుపట్టని మాట ఒక్కటే ఉంది, డ్యూటీ ఉంది అనడం. అబద్ధం చెప్పడం యేసుపాదానికి రాదు. అందుకని నిజంగానే డ్యూటీ వేయించుకునేవాడు. పిలుపు రాగానే ప్లాంటుకు వెళ్ళి, ఆ రోజు ఎవరిదైనా బి షిఫ్టు ఉంటే నేను చేస్తానని మార్చుకునేవాడు. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా. విందు వేళ సరిగ్గా దానికింద కొట్టుకుపోయేది.

ఆ మనిషికి పెళ్ళిభోజనమంటే ప్రాణం. పంక్తిలో కూర్చుని, వడ్డించేవాళ్ళను పేరుపెట్టి పిలిచి, పక్కవాడి విస్తట్లోకి కూడా పెట్టించేవాడు. అలాంటివాణ్ణి, పచ్చిపులుసు కలిపిన డబ్బా చేతికిచ్చి బెల్టు దగ్గరికి పంపేది. అతను ఒక్కనాడూ మారుమాట అనలేదు. కాస్త మొహం చిట్లించినా బాగుండేదని గంగారత్నం అనుకునేది. బి షిఫ్టు యేసుపాదం అని ఆ క్వార్టర్ల వరసలో పేరు పడిపోయింది. 

అన్నింటికంటే బరువైనది దేవిశ్రీ పెళ్ళి. కాశీవిశ్వనాథం, అన్నపూర్ణమ్మ గోడ పక్క క్వార్టరువాళ్ళు. రాజమండ్రి వైపువాళ్ళు. కాశీవిశ్వనాథమూ అదే బెల్టు దగ్గర ఆపరేటరే. వాళ్ళ కూతురు దేవిశ్రీకి చిన్నప్పుడు తలంటింది గంగారత్నమే, అన్నపూర్ణమ్మకు నడుం నొప్పి ఉండేది కనుక. ఒళ్ళో పెరిగిన పిల్లకు వెయ్యి నూటపదహార్లు చదివించి చేతులు దులుపుకోలేం కదా. బంగారం ముక్కయినా పెట్టాలి. ఆ నెలలోనే బ్యాంకుకు కట్టాలని దాచిన డబ్బు బీరువాలో ఉంది. గంగారత్నం వారం రోజులు దాన్ని తీసింది, పెట్టింది.

"నాను డ్యూటీ ఏసీసుకుంటానులే," అన్నాడు యేసుపాదం చివరికి, ఆమె మొహం చూడకుండా.

అతను పొద్దున్నే ప్లాంటుకు పోయాడు. ఆమె జ్వరమని చెప్పి దుప్పటి కప్పుకుంది. కమ్యూనిటీ హాల్లో సన్నాయి మోగుతుంటే దుప్పటిలోనే ఏడ్చింది. మర్నాడు అన్నపూర్ణమ్మ ఇంటినిండా చుట్టాలను వదిలి గోడ దగ్గరికొచ్చి, "జ్వరం తగ్గిందా వదినా," అని, స్టీలు గిన్నెనిండా కాజాలూ లడ్డూలూ గోడ మీద పెట్టి వెళ్ళిపోయింది. గిన్నె అంచున ఆమె పేరు చెక్కి ఉంది.

ఇరుగుపొరుగు గిన్నెను ఎవరూ ఖాళీగా తిరిగివ్వరు. పెళ్ళి మిఠాయి వచ్చిన గిన్నెలో ఏం వేసివ్వాలి? గోంగూర పచ్చడా? వచ్చే వారం ఏదైనా మంచిది చేసి ఇద్దామనుకుంది. వచ్చే వారం వచ్చే నెల అయింది. నెలలు గడిచాక ఇక ఏ మొహంతో ఇవ్వాలో తెలియక, దాన్ని పై అరలో డబ్బాల వెనక్కి తోసేసింది. గోడ వైపు వెళ్ళడమే మానేసింది. అటు నుంచి కూర గిన్నె రావడమూ ఆగిపోయింది. మూడేళ్ళు.

రిటైర్మెంటుకు నాలుగు నెలల ముందు అప్పు తీరిపోయింది. కాగితాల కట్ట చేతికిస్తూ, "ఇంక తగ్గించడానికి సాల్ లేదు మాతాజీ," అన్నాడు ముకేష్ నవ్వుతూ. బయటికొచ్చాక యేసుపాదం చెరో గ్లాసు చెరుకు రసం కొన్నాడు. గంగారత్నం వద్దనలేదు. ఆ కాగితాలు నీలం సంచీలో పెట్టుకుని, బచేలీ బస్సులో ఒళ్ళో నుంచి కింద పెట్టకుండా కూర్చుంది.

అద్దెవాళ్ళు ఖాళీ చేశారు. గోడలకు సున్నం వేయించారు. రిటైరైన వారానికి కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకుందామనుకున్నారు.

"అందర్నీ పిలుద్దావా?" అన్నాడు యేసుపాదం.

"ఎవులొస్తారు? మనం ఎల్లినామా ఎవులింటికైనా?" అంది.

అయినా వరసలోని ప్రతి గడపకూ వెళ్ళి పిలిచింది. చదివింపులు వద్దు, మనుషులు వస్తే చాలు అని మరీ మరీ చెప్పింది. ప్రతి ఇంట్లోనూ మంచినీళ్ళిచ్చారు, కూర్చోమన్నారు, చివరికి ఒకే మాటన్నారు. "డ్యూటీ చూసుకుని చెప్తాం." ప్రేమ్‌కుమార్ భార్య సుధామణి అదే అంది. అన్నపూర్ణమ్మ కూడా గుమ్మంలో నిలబడి అదే అంది. తన మాట తనకే తిరిగొచ్చిందని గంగారత్నానికి అర్థమైంది. తప్పుపట్టడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఇంటికొచ్చి మెట్టు మీద కూలబడింది.

"ఇల్లు మిగిలింది, మనుషులు పోనారు," అంది యేసుపాదంతో. "మిమ్మల్ని కూడా నానే ఒంటరిని సేసీనాను."

"ఊరుకోయే. నాకు నువ్వున్నావు గదా," అన్నాడు. ఆ మాటకు ఆమెకు మరింత ఏడుపొచ్చింది.

సామాను సర్దేటప్పుడు అన్నింటికంటే ముందు ఆ గిన్నెనే దించి, తోమి, చీర మధ్యలో చుట్టి పెట్టింది.

ప్రార్థన రోజు వచ్చింది. జగ్‌దల్‌పూర్ నుంచి పాస్టరుగారు, ఆయన భార్య, పక్కింటివాళ్ళు ఇద్దరు, రాయ్‌పూర్ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న లాస్య. లెక్క వేసుకుని పన్నెండు మందికి వండింది గంగారత్నం. కోడికూర, పులిహోర, ఆఖరి నెల ఇచ్చిన బెల్లంతో పరమాన్నం. పొయ్యి మీదే వండింది, అక్కడ కంపెనీ కరెంటు లేదు కదా.

"అమ్మా, ఇంకో కేజీ బియ్యం పొయ్యనా?" అంది లాస్య.

"ఎవులు తినాల?" అంది గంగారత్నం. పదిన్నర దాటింది. పాస్టరుగారు గడియారం చూశారు. యేసుపాదం తెల్లచొక్కా తొడుక్కుని గేటు దగ్గర నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాడు. అతని వీపు చూడలేక ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పదకొండు కావస్తుండగా గేటు ముందు బస్సు ఆగిన చప్పుడు. తరవాత మాటలు, నవ్వులు, గిన్నెల మోత. గంగారత్నం చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. బస్సు నుంచి వరసకు వరసంతా దిగుతోంది. ప్రేమ్‌కుమార్, సుధామణి, పిల్లలు, ముసలివాళ్ళు. ఇద్దరు మగవాళ్ళు పెద్ద గుండిగ ఒకటి మోసుకుని దించుతున్నారు. వెనక అన్నపూర్ణమ్మ.

"పులిహోర, కుర్మా మేమే వండుకొచ్చాం వదినా," అందామె. "పది మందికి వండి ఉంటావని మాకు తెలీదా ఏంటి."

"పన్నెండు మందికి," అంది గంగారత్నం.  అందరూ నవ్వారు.

ప్రార్థన అయింది. గది చాలక పిల్లలు కిటికీ ఎక్కి కూర్చున్నారు. పాట పాడుతుంటే గంగారత్నం కళ్ళు మాత్రం ఒక మొహం కోసం వెతుకుతున్నాయి. భోజనాలప్పుడు ఉండబట్టలేక అడిగింది.

"అన్నయ్యగారు రాలేదా వదినగారూ?"

"ఆయనకి డ్యూటీ ఉంది."

గంగారత్నం మొహం పాలిపోయింది. ఆ మాట లోతు ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? కోపం ఉందన్నమాట, ఉండదా మరి. అన్నపూర్ణమ్మ ఆమెను చూసి, చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నిజం డ్యూటీయే వదినా. ప్రేమ్‌కుమార్‌ది ఇవాళ బి షిఫ్టు. అతని బదులు మా ఆయన వెళ్తున్నారు. ఇంకొకళ్ళ బదులు దుర్గేశ్, మరొకళ్ళ బదులు హిడ్మా. దుర్గేశ్ వాళ్ళ చెల్లి పెళ్ళికీ, హిడ్మా వాళ్ళ ఊరి జాతరకీ మీ ఆయనే కదా వాళ్ళ డ్యూటీలు చేసింది. డ్యూటీలు చూసుకుని చెప్తామన్నది ఇందుకే. ఇవి కుదిరేసరికి వారం పట్టింది."

పట్టుకున్న చేయి వదలకుండానే అన్నపూర్ణమ్మ మిగతాది చెప్పింది.

"దేవిశ్రీ పెళ్ళికి ఈయనకిచ్చిన సెలవు ముందు రోజు రద్దు చేశారు. నీకు చెప్పలేదా అన్నయ్య? బెల్టు దగ్గర మనిషి లేడన్నారు. మీ ఆయన వెళ్ళి నేను చేస్తానన్నాడు, వరసగా రెండు షిఫ్టులు. లేకపోతే పీటల మీద కూర్చోవాల్సిన తండ్రి ప్లాంటులో ఉండేవాడు. అందుకే ఇవాళ మా ఆయన, 'నువ్వు వెళ్ళు, నేను ఇక్కడుంటా. నా వంతు వచ్చింది' అని నన్ను పంపించారు."

పులిహోర విస్తరి చేత్తో పట్టుకుని నిలబడ్డ యేసుపాదం తల దించుకున్నాడు.

"నాను మంచికి సెయ్యలేదు సెల్లెమ్మా," అన్నాడు. "సదివింపులు ఎగ్గొట్టడానికి ఎల్లినాను. మీ దగ్గర దాపరికం ఏటి."

"వరసంతా తెలుసు అన్నయ్యా," అంది అన్నపూర్ణమ్మ. "ఇంటప్పు కడుతున్నారని తెలుసు, ఎందుకు రావట్లేదో తెలుసు. అది మీ ఇంటి సంగతి. మా పిల్ల పెళ్ళికి తండ్రి పక్కనున్నాడు, అది మా ఇంటి సంగతి."

ప్రేమ్‌కుమార్ వచ్చి యేసుపాదం విస్తట్లో ఇంకో గరిటె పులిహోర వేశాడు. "కూర్చో బాబాయ్, నిలబడి తింటావేంటి," అని పంక్తి మధ్యలోకి లాగాడు. కాసేపటికి వడ్డించేవాళ్ళను పేరుపెట్టి పిలుస్తున్న యేసుపాదం గొంతు వంటింట్లోకి వినిపించింది. ఇన్నేళ్ళ తర్వాత ఆ గొంతు విని గంగారత్నం గోడకు ఆనుకుని నిలబడింది. చిన్న పిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. లాస్య వచ్చి పక్కన నిలబడింది.

పరమాన్నం పన్నెండు మందికి చేసింది యాభై మందికి చెంచాడు చొప్పున వచ్చింది. పొయ్యి సాయంత్రం దాకా ఆరలేదు. మూడోసారి టీ పెట్టినప్పుడు గ్యాసు బండ అయిపోయింది. పక్కింటి నుంచి ఇంకో బండ తెచ్చుకున్నారు. ఎంతయిందని గంగారత్నం అడగలేదు.

నాలుగింటికి బస్సు బయల్దేరబోతుంటే ఆమె లోపలికి వెళ్ళి చీర మడతలోంచి గిన్నె తీసింది. ఒక పక్కగా దాచి ఉంచిన పరమాన్నమంతా అందులోకి ఒంపి, మూత పెట్టి, నీలం గుడ్డలో మూటకట్టి తెచ్చింది.

"అన్నయ్యగారికి," అంది. "మీ గిన్నె మూడేళ్ళు నా దగ్గరుండిపోనాది. ఖాళీగా ఇవ్వలేక."

అన్నపూర్ణమ్మ మూట విప్పి, అంచున తన పేరు చూసుకుంది. "ఇది నీ దగ్గరుందా. నీకు కూర పంపడానికి నా దగ్గర మంచి గిన్నె లేకపోయింది వదినా, తెలుసా," అంది. నవ్వుతూ దాన్ని మళ్ళీ మూటకట్టుకుంది. 

బస్సు హారను కొట్టింది. అన్నపూర్ణమ్మ కిటికీ పక్కన గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"మళ్ళా ఆ గిన్నె పట్టుకుని మీరిద్దరూ రావాల వదినగారూ," అంది గంగారత్నం కిటికీ చువ్వలు పట్టుకుని. "అన్నయ్యగారు ఈ ఇంట్లో కూకుని తినాల. ఎప్పుడొస్తారు?"

"డ్యూటీ చూసుకుని వస్తాం," అంది అన్నపూర్ణమ్మ.